ఆర్‌డీఎస్ మైఎస్‌క్యూఎల్‌లో పాస్‌వర్డ్ నిబంధనలు: ఏ విలువలు పెట్టాలి, అప్లికేషన్ ఎక్కడ ఆగిపోతుంది

ప్రశ్న క్లుప్తంగా ఇది: అమెజాన్ ఆర్‌డీఎస్‌లో (అమెజాన్ నడిపే క్లౌడ్ డేటాబేస్ సేవ) మైఎస్‌క్యూఎల్ 8.0 నడుస్తోంది. మనుషులు వాడే అకౌంట్లు పదీ పన్నెండు, అప్లికేషన్లు వాడేవి ఐదారు. డేటాబేస్‌కి పాస్‌వర్డ్ పాలసీ లేదని ఆడిట్‌లో రాశారు. ఏ విలువలు పెట్టాలి? పెట్టేటప్పుడు అప్లికేషన్లు ఆగిపోకుండా ఏం చూసుకోవాలి?

(కమాండ్లను కింద తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.)

ముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. వాలిడేట్_పాస్‌వర్డ్‌ను (కొత్త పాస్‌వర్డ్‌లను తనిఖీ చేసే మైఎస్‌క్యూఎల్ అనుబంధం) ఇన్‌స్టాల్ చేసి, సెట్టింగులు ఏవీ మార్చకుండా ఇది నడపండి:

సెలెక్ట్ వాలిడేట్_పాస్‌వర్డ్_స్ట్రెంగ్త్('హైదరాబాద్@123');

ఊరి పేరును ఇంగ్లిష్‌లో, మొదటి అక్షరం క్యాపిటల్‌గా రాయాలి. వచ్చే జవాబు 100. నూటికి నూరు! పెద్దక్షరం ఉంది, చిన్నక్షరాలు ఉన్నాయి, అంకెలు ఉన్నాయి, @ ఉంది, మొత్తం 13 అక్షరాలు. నిబంధనల లెక్కలో తప్పేమీ లేదు. కానీ మన దగ్గర పాస్‌వర్డ్ ఊహించాలనుకునే ఎవడైనా మొదటి పదిలో ప్రయత్నించేది ఇలాంటిదే. ఊరి పేరు, దేవుడి పేరు, కంపెనీ పేరు, వెనకాల @123 లేదా ఆ ఏడాది. ‘అక్షరాల రకాలు కలపాలి’ అనే నిబంధన మనుషుల్ని సరిగ్గా ఈ అచ్చులోకే తోస్తుంది.

దీనికి 100 ఎందుకు వచ్చిందంటే, 75 నుంచి 100కి తీసుకెళ్లేది నిఘంటువు పరీక్ష. నిఘంటువు ఫైలు ఇవ్వకపోతే ఆ పరీక్ష దానంతటదే పాసైపోతుంది. పాలసీని స్ట్రాంగ్‌కి మార్చినా ఇంతే. స్ట్రాంగ్ అంటే మీడియం నిబంధనలకు (పొడవు, అక్షరాల రకాలు) తోడు, పాస్‌వర్డ్‌లో 4 అక్షరాలకు తగ్గని ఏ ముక్కా నిఘంటువులోని పదంతో కలవకూడదని. ఆ ఫైలు సర్వర్ డిస్క్ మీద ఉండాలి. ఆర్‌డీఎస్‌లో సర్వర్ డిస్క్ మన చేతిలో ఉండదు, ఫైలు పెట్టే చోటే లేదు. అందుకే క్లౌడ్‌లో స్ట్రాంగ్ అనేది పేరుకే. ఆడిటర్ కాగితంలో బాగుంటుంది గానీ మీడియం కంటే ఒరిగేదేమీ లేదు.

కాబట్టి మన చేతిలో నిజంగా పనిచేసే మీట పొడవు ఒక్కటే. పొడవును 16 చేసి పై పరీక్షే మళ్లీ నడిపితే జవాబు 25కి పడిపోతుంది.

ఏ విలువలు

నేనైతే ఇవి పెడతాను. పాలసీ: మీడియం. లెంగ్త్: 16. మిక్స్‌డ్_కేస్_కౌంట్: 1. నంబర్_కౌంట్: 1. స్పెషల్_చార్_కౌంట్: 0. చెక్_యూజర్_నేమ్: ఆన్. మొదట వచ్చే విలువలు పొడవు 8, మిగతా మూడు లెక్కలూ ఒక్కొక్కటి.

16 గాల్లోంచి తీసిన అంకె కాదు. కార్డు చెల్లింపులకు వర్తించే పీసీఐ డీఎస్ఎస్ 4వ వెర్షన్ కనీసం 12 అక్షరాలు, అందులో అక్షరాలూ అంకెలూ రెండూ ఉండాలంటుంది. 12 అనే ఆ అంకె 2025 మార్చి 31 నుంచి తప్పనిసరి అయింది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 800-63బీ నాలుగో సవరణ 2025లో వచ్చింది. పాస్‌వర్డ్ ఒక్కటే కాపలాగా ఉన్నచోట కనీసం 15 అక్షరాలు ఉండాలని, అక్షరాల రకాలు కలపాలనే షరతులు అసలు పెట్టకూడదని అందులో ఉంది. 16 పెడితే రెండిటికీ సరిపోతుంది.

స్పెషల్ క్యారెక్టర్‌కి సున్నా ఎందుకు? బలం విషయంలో దాని వాటా చాలా తక్కువ, తెచ్చే తలనొప్పి చాలా ఎక్కువ. కనెక్షన్ యూఆర్ఎల్‌లో @ పడితే అక్కడినుంచి హోస్ట్ పేరు మొదలైందని డ్రైవర్ అనుకుంటుంది. దాన్ని %40 అని, #ని %23 అని మార్చి రాయాలి. మైఎస్‌క్యూఎల్ ఆప్షన్ ఫైల్లో కోట్స్ లేకుండా # వస్తే అక్కడినుంచి కామెంట్ అయిపోతుంది. షెల్‌లో డబుల్ కోట్స్ మధ్య $ పడితే దాని తర్వాతి అక్షరాలు వేరియబుల్ పేరుగా మారి మాయమవుతాయి. ‘పాస్‌వర్డ్ సరైనదే, వర్క్‌బెంచ్‌లో పనిచేస్తోంది, అప్లికేషన్‌లో మాత్రం 1045 ఎర్రర్ (లాగిన్ నిరాకరణ) వస్తోంది’ అనే ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సింది ఇదే. ఆడిటర్ స్పెషల్ క్యారెక్టర్ కావాల్సిందేనని పట్టుబడితే కౌంట్ 1 పెట్టి, అండర్‌స్కోర్, హైఫన్, చుక్క ఈ మూడింటిలోంచే వాడమనండి. అక్షరం, అంకె కానిదేదైనా వాలిడేట్_పాస్‌వర్డ్ లెక్కలో స్పెషలే. ఈ మూడూ యూఆర్ఎల్‌లో ఏమీ మార్చకుండా ఇమిడిపోతాయి.

ఇంకో మాట. పాస్‌వర్డ్‌లో తెలుగు అక్షరాలు వాడదామనే ఆలోచన సరదాగానే ఉంటుంది గానీ వద్దు. తెరమీద ఒకేలా కనిపించే పదంలో ఒక కీబోర్డు కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ చేరుస్తుంది, ఇంకోటి చేర్చదు. సర్వర్‌కి అవి రెండు వేర్వేరు పాస్‌వర్డ్‌లు. పైగా తెలుగు అక్షరాలకు పెద్ద, చిన్న తేడా లేదు కనుక మిక్స్‌డ్ కేస్ షరతు ఎప్పటికీ తీరదు.

ఇన్‌స్టాల్ చేసే తీరు

మైఎస్‌క్యూఎల్ 8.0లో ఇదే పని చేసేవి రెండు రూపాల్లో ఉన్నాయి: పాత ప్లగిన్, కొత్త కాంపొనెంట్. ప్లగిన్ వేరియబుల్స్ పేర్లలో అండర్‌స్కోర్ ఉంటుంది (వాలిడేట్_పాస్‌వర్డ్_లెంగ్త్), కాంపొనెంట్ పేర్లలో చుక్క ఉంటుంది (వాలిడేట్_పాస్‌వర్డ్.లెంగ్త్). ఒకటి ఇన్‌స్టాల్ చేసి రెండోదాని పేర్లతో విలువలు మార్చితే ఏ ఫలితమూ ఉండదు. ఆర్‌డీఎస్ కన్సోల్‌లో మీ పారామీటర్ గ్రూప్ (సర్వర్ సెట్టింగుల జాబితా) తెరిచి, వెతికే పెట్టెలో వాలిడేట్_పాస్‌వర్డ్ అని కొట్టి చూడండి. అక్కడ ఏ పేర్లు ఉంటే ఆ రూపాన్నే ఇన్‌స్టాల్ చేయండి:

ఇన్‌స్టాల్ ప్లగిన్ వాలిడేట్_పాస్‌వర్డ్ సోనేమ్ 'వాలిడేట్_పాస్‌వర్డ్.ఎస్ఓ';

లేదా

ఇన్‌స్టాల్ కాంపొనెంట్ 'ఫైల్://కాంపొనెంట్_వాలిడేట్_పాస్‌వర్డ్';

రెండూ కలిపి ఉంచొద్దు. ఆ తర్వాత ‘షో వేరియబుల్స్ లైక్ 'వాలిడేట్_పాస్‌వర్డ్%'’ కొట్టి పేర్లు సరిపోయాయో లేదో చూసుకోండి.

ఆర్‌డీఎస్‌లో సూపర్ ప్రివిలేజ్ ఇవ్వరు కాబట్టి ‘సెట్ గ్లోబల్’ పనిచేయదు. విలువలన్నీ పారామీటర్ గ్రూప్ నుంచే మార్చాలి. డిఫాల్ట్ గ్రూప్‌ను మార్చనివ్వరు. ఇన్‌స్టాన్స్ ఇంకా డిఫాల్ట్ గ్రూప్ మీదే ఉంటే కొత్త గ్రూప్ తయారుచేసి తగిలించాలి. అది అమల్లోకి రావాలంటే ఒకసారి రీబూట్ తప్పదు. ఈ పనిలో డౌన్‌టైమ్ అడిగేది ఇదొక్కటే, దానికి ముందే సమయం అడిగి పెట్టుకోండి. గ్రూప్ తగిలాక పొడవు, లెక్కలు మార్చడానికి రీబూట్ అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. మాస్టర్ యూజర్ పాస్‌వర్డ్‌ను కన్సోల్‌లోనో కమాండ్ లైన్‌లోనో మార్చినప్పుడు ఆర్‌డీఎస్ మీ నిబంధనలను చూడదు. మార్పు సక్సెస్ అని చూపిస్తుంది. లోపల మైఎస్‌క్యూఎల్ మాత్రం నిబంధనకు సరిపోలేదని తిరస్కరించవచ్చు, అప్పుడు పాత పాస్‌వర్డే కొనసాగుతుంది. దీని జాడ ఈవెంట్లలో ఆర్‌డీఎస్-ఈవెంట్-0067గా మాత్రమే కనిపిస్తుంది. మాస్టర్ పాస్‌వర్డ్ మార్చాక లాగిన్ అవకపోతే మళ్లీ మళ్లీ మార్చకుండా ముందు ఈవెంట్లు చూడండి. మైఎస్‌క్యూఎల్ మాస్టర్ పాస్‌వర్డ్‌కి ఆర్‌డీఎస్ సొంత హద్దులు కూడా ఉన్నాయి: 8 నుంచి 41 అక్షరాలు, అందులో /, @, కోట్స్, స్పేస్ ఉండకూడదు.

నిబంధన పట్టుకోనివి

వాలిడేట్_పాస్‌వర్డ్ చూసేది కొత్తగా, మామూలు అక్షరాల్లో వచ్చే పాస్‌వర్డ్‌నే. క్రియేట్ యూజర్, ఆల్టర్ యూజర్, సెట్ పాస్‌వర్డ్ అన్నప్పుడు ఆ పూటకు తనిఖీ చేస్తుంది, తప్పితే ఎర్రర్ 1819 ఇస్తుంది. ఇప్పటికే ఉన్న పాస్‌వర్డ్‌లు ఎంత బలహీనమైనవైనా వాటి జోలికి పోదు. ‘ఐడెంటిఫైడ్ విత్ ... ఆజ్ 'హ్యాష్'’ రూపంలో హ్యాష్‌నే (పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టి తీసే, వెనక్కి తిప్పలేని రూపం) నేరుగా ఇస్తే కూడా తనిఖీ ఉండదు, హ్యాష్ నుంచి పొడవు తెలియదు కదా. పాత సర్వర్ నుంచి యూజర్లను ‘షో క్రియేట్ యూజర్’ ఫలితంతో తరలిస్తే వాళ్ల పాత పాస్‌వర్డ్‌లన్నీ నిబంధన పక్కనుంచి దాటి వచ్చేస్తాయి. ‘ఐడెంటిఫైడ్ బై ర్యాండమ్ పాస్‌వర్డ్’ అని సర్వర్ చేతే తయారుచేయిస్తే దానికీ పాలసీ వర్తించదు. ఇది మంచికే. అది మొదటే 20 అక్షరాలు ఇస్తుంది.

అందుకే పాలసీ పెట్టగానే పని అయిపోదు. ముందు జాబితా తీయండి: మైఎస్‌క్యూఎల్.యూజర్ టేబుల్ నుంచి యూజర్, హోస్ట్, ప్లగిన్, పాస్‌వర్డ్_లాస్ట్_చేంజ్డ్, పాస్‌వర్డ్_లైఫ్‌టైమ్, అకౌంట్_లాక్డ్. ఒకే పేరు రెండు హోస్ట్‌లతో ఉంటే (% ఒకటి, 10.0.% ఒకటి) అవి రెండు వేర్వేరు అకౌంట్లు, రెండిటికీ మార్చాలి. ఆర్‌డీఎస్‌అడ్మిన్ అనేది అమెజాన్ వాడుకునే అకౌంట్, దాన్ని ముట్టుకోవద్దు.

అప్లికేషన్ అకౌంట్లు

మనుషుల అకౌంట్లకూ వీటికీ ఒకే నిబంధన రుద్దితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. మూడు చోట్ల జాగ్రత్త.

మొదటిది గడువు. ఆడిటర్ 90 రోజులన్నారని డిఫాల్ట్_పాస్‌వర్డ్_లైఫ్‌టైమ్‌ను 90 చేస్తే, ఆ 90 రోజులు ఇవాళ్టి నుంచి మొదలవవు. సొంత గడువు లేని ప్రతి అకౌంట్‌కీ పాస్‌వర్డ్ చివరిసారి మార్చిన తేదీ నుంచి లెక్క. రెండేళ్లుగా మార్చని అప్లికేషన్ పాస్‌వర్డ్ ఆ క్షణంలోనే గడువు దాటినట్టు. ఉన్న కనెక్షన్లు నడుస్తూనే ఉంటాయి కాబట్టి వెంటనే తెలియదు. తర్వాత కనెక్షన్ పూల్ (అప్లికేషన్ తెరిచి ఉంచుకునే కనెక్షన్ల నిల్వ) కొత్త కనెక్షన్ తెరిచినప్పుడు 1862 ఎర్రర్ (పాస్‌వర్డ్ గడువు దాటింది) మొదలవుతుంది. గ్లోబల్ విలువను 0 గానే ఉంచి, అకౌంట్‌కి అకౌంట్ విడిగా చెప్పడం మేలు. మనుషులకు ‘పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్ ఇంటర్వల్ 90 డే’, అప్లికేషన్లకు ‘పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్ నెవర్’. నిజానికి మనుషులకు కూడా గడువులు పెట్టొద్దనే ఎన్ఐఎస్‌టీ అంటుంది. గడువు పెడితే చివర 1 ఉన్నది 2 అవుతుంది, అంతే. అయినా పీసీఐ పరిధిలో ఉండి, పాస్‌వర్డ్ తప్ప రెండో అంచె లేకపోతే సాధారణంగా 90 రోజులు తప్పదు.

రెండోది లాకౌట్. 8.0.19 నుంచి ‘ఫెయిల్డ్_లాగిన్_అటెంప్ట్స్ 6 పాస్‌వర్డ్_లాక్_టైమ్ 1’ అని పెట్టవచ్చు. ఆ 1 నిమిషం కాదు, గంట కాదు, రోజు. అంతకంటే తక్కువ పెట్టే వీలు లేదు. అప్లికేషన్ అకౌంట్‌కి దీన్ని పెట్టి పాస్‌వర్డ్ మార్చారనుకోండి. పాత పాస్‌వర్డ్‌తో మిగిలిపోయిన ఒకే ఒక్క పాడ్ (నడుస్తున్న అప్లికేషన్ ప్రతుల్లో ఒకటి) వరసగా ఆరుసార్లు తప్పు కొట్టి, మిగతా అన్ని పాడ్‌లకూ తలుపు మూయించేస్తుంది. మైఎస్‌క్యూఎల్ వినే 3306 పోర్టుకు చేరగలిగిన ఎవరైనా కావాలనే ఆ పని చేయవచ్చు. కాబట్టి లాకౌట్ మనుషులకే. అప్లికేషన్ అకౌంట్లకు హోస్ట్ పరిధి, సెక్యూరిటీ గ్రూప్ (అమెజాన్ ఫైర్‌వాల్) కాపలాగా ఉండాలి. ఎవరైనా లాక్ అయితే ‘ఆల్టర్ యూజర్ ... అకౌంట్ అన్‌లాక్’ చాలు. రీబూట్ చేసినా, ‘ఫ్లష్ ప్రివిలేజెస్’ చేసినా లెక్క సున్నా అవుతుంది.

మూడోది మార్చే పద్ధతి. 8.0.14 నుంచి ఒక అకౌంట్‌కి ఒకేసారి రెండు పాస్‌వర్డ్‌లు ఉండవచ్చు, ఇది తెలియక రాత్రి రెండింటికి మెయింటెనెన్స్ పెట్టుకునేవాళ్లు చాలామంది. వరస ఇది:

ఆల్టర్ యూజర్ 'ఆర్డర్స్_యాప్'@'10.0.%' ఐడెంటిఫైడ్ బై 'కొత్తది' రిటైన్ కరెంట్ పాస్‌వర్డ్;

ఇక కొత్తదీ, పాతదీ రెండూ పనిచేస్తాయి. కాన్ఫిగ్ మార్చి, పాడ్‌లన్నీ ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేయండి. రాత్రిపూట మాత్రమే నడిచే బ్యాచ్ జాబ్‌లు, రిపోర్టులు మరిచిపోవద్దు, కనీసం ఒక రోజంతా గడవనివ్వండి. ఆ తర్వాత:

ఆల్టర్ యూజర్ 'ఆర్డర్స్_యాప్'@'10.0.%' డిస్కార్డ్ ఓల్డ్ పాస్‌వర్డ్;

మధ్యలో రెండు తప్పులు జరుగుతుంటాయి. డిస్కార్డ్ చేయకముందే ఇంకోసారి రిటైన్‌తో మార్చితే మొదటి పాతది పోతుంది, ఎందుకంటే రెండో స్థానం ఒక్కటే ఉంది. అదే సమయంలో ఆథెంటికేషన్ ప్లగిన్‌ను కూడా మార్చితే రెండో పాస్‌వర్డ్ చెరిగిపోతుంది. మైఎస్‌క్యూఎల్_నేటివ్_పాస్‌వర్డ్ నుంచి క్యాషింగ్_ఎస్‌హెచ్ఏ2_పాస్‌వర్డ్‌కి మారాల్సిన అవసరం ఎలాగూ ఉంది (8.4లో పాతది మొదటే ఆపేసి వస్తుంది, 9.0లో తీసేశారు). కానీ ఆ పని విడిగా పెట్టుకోండి.

పాస్‌వర్డ్ తయారుచేసేటప్పుడు కూడా చిక్కులున్నాయి. ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ర్యాండ్ -హెక్స్ 24’ 48 అక్షరాలు ఇస్తుంది, 192 బిట్ల బలం. కానీ అందులో పెద్దక్షరాలు ఉండవు, అందుకని మీ మీడియం పాలసీయే దాన్ని 1819తో తిప్పికొడుతుంది, హైదరాబాద్‌కి నూరు మార్కులు వేసిన పాలసీ! మాస్టర్‌కి వాడదామన్నా 41 దాటింది. బేస్64 అయితే / వస్తుంది. పెద్దవి, చిన్నవి, అంకెలు కలిసిన 62 అక్షరాల నుంచి 24 అక్షరాలు తీయండి, సుమారు 143 బిట్లు వస్తాయి. పోల్చుకోవడానికి, కీబోర్డు మీది 95 గుర్తుల నుంచి యాదృచ్ఛికంగా తీసిన 8 అక్షరాలకు 53 బిట్ల లోపే. సీక్రెట్స్ మేనేజర్‌ను (పాస్‌వర్డ్‌లు దాచే అమెజాన్ సేవ) అడిగితే మొదటే 32 అక్షరాలు ఇస్తుంది, వద్దన్న గుర్తులు మినహాయించమని చెప్పవచ్చు. 32 దాటకండి. రెప్లికేషన్ యూజర్ పాస్‌వర్డ్‌కి మైఎస్‌క్యూఎల్‌లో హద్దు 32 అక్షరాలు.

మనుషుల అకౌంట్లు

వీటికి పాస్‌వర్డే లేకుండా చేయడం ఉత్తమం. ఆర్‌డీఎస్‌లో ఐఏఎమ్ (అమెజాన్ అనుమతుల వ్యవస్థ) ఆథెంటికేషన్ పెడితే ప్రతి లాగిన్‌కీ 15 నిమిషాలు చెల్లే టోకెన్ వస్తుంది. ఉద్యోగం మానేసిన మనిషి ఐఏఎమ్ అనుమతి తీసేస్తే డేటాబేస్ దారి కూడా మూసుకుపోతుంది. కనెక్షన్ టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్ట్ అయిన దారి) మీదే జరగాలి. సెకనుకు వందల కొత్త కనెక్షన్లు తెరిచే అప్లికేషన్‌కి ఇది తగదు గానీ పది మంది డెవలపర్లకు చక్కగా సరిపోతుంది.

అది కుదరకపోతే ‘పాస్‌వర్డ్ హిస్టరీ 5’, ‘పాస్‌వర్డ్ రీయూజ్ ఇంటర్వల్ 365 డే’, ‘పాస్‌వర్డ్ రిక్వైర్ కరెంట్’ పెట్టండి. హిస్టరీ ఒక్కటే పెడితే ఒకే మధ్యాహ్నం ఆరుసార్లు మార్చి పాతదానికే తిరిగి రావచ్చు. రోజుల షరతు తోడుంటే ఆ దారి మూసుకుంటుంది. పాలసీ పెట్టిన రోజే అందరికీ ‘పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్’ కొట్టకుండా, రోజుకు ఇద్దరు ముగ్గురికి చొప్పున చేయండి. గడువు దాటినప్పుడు పాస్‌వర్డ్ మార్చుకోమని అడగడం కమాండ్ లైన్ క్లయింట్‌కి తెలుసు, కొన్ని గ్రాఫికల్ టూల్స్‌కి తెలియదు. అలాంటివాళ్లు మీ దగ్గరికే వస్తారు. రిక్వైర్_సెక్యూర్_ట్రాన్స్‌పోర్ట్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి, ఎందుకంటే ఆల్టర్ యూజర్‌లో పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే సర్వర్‌కి వెళ్తుంది.

నిఘంటువు లేని లోటును మన వైపు నుంచే పూడ్చుకోవాలి. అకౌంట్లు ఒక స్క్రిప్ట్ ద్వారానే తయారయ్యేట్టు చేసి, అందులో ఒక నిషేధ జాబితా పెట్టండి. ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లిష్ జాబితాల్లో మన పదాలు తక్కువ. కంపెనీ పేరు, ప్రాజెక్టు పేర్లు, ఊళ్లు, బాలాజీ, సాయిరాం, శ్రీనివాస్, అమ్మ, బంగారం, చిన్ని ఇలాంటివన్నీ ఇంగ్లిష్ స్పెల్లింగ్ తేడాలతో సహా మీరే చేర్చుకోవాలి.

మైఎస్‌క్యూఎల్ కాకపోతే

పోస్ట్‌గ్రెస్ సంగతి వేరు. దానిలో సొంతంగా పాస్‌వర్డ్ నిబంధనలే లేవు, పాస్‌వర్డ్‌చెక్ అనే మాడ్యూల్ కలుపుకోవాలి. దాని కమాండ్ లైన్ క్లయింట్ పీఎస్‌క్యూఎల్‌లో \పాస్‌వర్డ్ అని మార్చితే క్లయింటే స్క్రామ్ హ్యాష్ చేసి పంపుతుంది. భద్రతకు అది మంచిదే గానీ పొడవు కొలిచే అవకాశం సర్వర్‌కి ఉండదు. మంచి అలవాటు, నిబంధన ఇక్కడ ఒకదానికొకటి అడ్డం. ఆర్‌డీఎస్ పోస్ట్‌గ్రెస్‌లో దీనికి ఆర్‌డీఎస్.రెస్ట్రిక్ట్_పాస్‌వర్డ్_కమాండ్స్‌ను 1 చేయాలి (రీబూట్ కావాలి). అప్పుడు ఆర్‌డీఎస్_పాస్‌వర్డ్ రోల్ ఉన్నవాళ్లే పాస్‌వర్డ్‌లు మార్చగలరు. ఆ రోల్‌ను మీ స్క్రిప్ట్‌కి మాత్రమే ఇచ్చి, తనిఖీ అక్కడే చేయండి. సర్వర్‌లోనే కావాలంటే పీజీ_టీఎల్ఈ ఎక్స్‌టెన్షన్‌లో పాస్‌వర్డ్ చెక్ హుక్ ఉంది. వచ్చింది మామూలు పాస్‌వర్డా, హ్యాషా అన్నది కూడా మీ ఫంక్షన్‌కి చెబుతుంది.

గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో పని తేలిక. ఇన్‌స్టాన్స్ సెట్టింగుల్లోనే పాస్‌వర్డ్ పాలసీ ఉంది: కనీస పొడవు, అక్షరాల రకాలు, పాతవి మళ్లీ వాడకుండా, యూజర్ పేరు లేకుండా. అజూర్ ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో నిబంధన స్థిరం: కనీసం 8 అక్షరాలు, నాలుగు రకాల్లో మూడు. దాన్ని పెంచే మీట మీ చేతిలో ఉండదు, అక్కడ ఎంట్రా ఐడీకి (మైక్రోసాఫ్ట్ లాగిన్ సేవ) మారడమే దారి.

ఆడిటర్‌కి ఏం చూపించాలి

పారామీటర్ గ్రూప్ స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. ఆ గ్రూప్ ఇన్‌స్టాన్స్‌కి తగిలి ఉందని, ప్లగిన్ నిజంగా ఎక్కిందని అది చెప్పదు. షో వేరియబుల్స్ ఫలితం, 12 అక్షరాల పాస్‌వర్డ్‌తో క్రియేట్ యూజర్ కొట్టినప్పుడు వచ్చిన 1819, మైఎస్‌క్యూఎల్.యూజర్ నుంచి తీసిన జాబితా, ఈ మూడూ తేదీతో కలిపి ఇవ్వండి. జాబితాలో ‘ఎక్స్‌పైర్ నెవర్’ ఉన్న అప్లికేషన్ అకౌంట్ల పక్కన, చివరిసారి రెండు పాస్‌వర్డ్‌ల పద్ధతిలో మార్చిన తేదీ, తర్వాత మార్చాల్సిన తేదీ రాసి ఉంచండి. ఆడిటర్ మొదటి ప్రశ్న ఆ వరసల మీదే వస్తుంది.